లాగి కొలిచిన బెల్టు

మా అత్తగారింటికి రెండు తాళంచెవులున్నాయి. ఒకటి ఆవిడ చేతిసంచిలో ఉంటుంది, రెండోది నా గుత్తిలో, కొట్టు తాళంచెవి పక్కన. మామగారు పోయాక ఆవిడే నా చేతిలో పెట్టింది. "నేనెప్పుడైనా లోపల కాలుజారి పడితే తలుపు బద్దలుకొట్టే పని లేకుండా మీ దగ్గరుంచండి, అల్లుడుగారూ" అంది. ఇన్నేళ్ళలో ఆవిడ కాలు జారలేదు. నేను ఆ తాళంచెవితో ఆ తలుపు ఒక్కసారీ తియ్యలేదు. అయినా సరుకు విలువ వాడకంలో ఉండదు, ఇంకొకడి దగ్గర లేకపోవడంలో ఉంటుంది. కొట్టు నడిపేవాడికి ఈ ముక్క ఎవరూ నేర్పక్కర్లేదు.

నాది కుట్టుసామాన్ల కొట్టు. దారం, గుండీలు, జిప్పులు, లైనింగు గుడ్డ, కుట్టుమిషను బెల్టులు, అన్నిటికంటే ఎక్కువగా ఎలాస్టిక్. అత్తవారి వైపు చిన్నాపెద్దా అందరూ వెనకాల నన్ను "ఎలాస్టిక్కు" అంటారని నాకు తెలుసు. అననీ. గిరాకీ తెచ్చే పేరు ఏదైనా మంచి పేరే.

ఆ వారం వాన వదల్లేదు. ఒక సాయంత్రం నా భార్య బట్టలు మడతపెడుతూ కబురు చెప్పింది.

"అమ్మ వాళ్ళింట్లో బట్టలారబెట్టే డ్రయ్యరు ఆగిపోయిందట. లోపల బెల్టు తెగిందట. ఆదివారం మరిది వచ్చి వేస్తాడట. మనల్ని కూడా రమ్మంది. వచ్చేటప్పుడు మీ దగ్గరున్న తాళంచెవి తెమ్మంది."

"తాళంచెవి ఎందుకట?"

"నాకేం తెలుసు? తెమ్మంది, తీసుకెళ్ళండి." మడతపెట్టేసిన దిండు గలీబును మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

నేను కూడికలో ఎప్పుడూ తప్పు చెయ్యను. తెగిన బెల్టు, దాన్ని వేయడానికొచ్చే చిన్నల్లుడు, అదే రోజున నా గుత్తిలోంచి ఊడాల్సిన తాళంచెవి. మూడూ కలిపితే ఎంతవుతుందో పసిపిల్లవాడైనా చెబుతాడు.

మా తోడల్లుడు లిఫ్టుల మెకానిక్కు. అంతస్తుల మధ్యలో ఇరుక్కుపోయిన మనుషుల్ని బయటికి లాగడం వాడి ఉద్యోగం. అలా బయటపడ్డవాళ్ళు దండాలు పెడతారు కదా, ఎక్కడికెళ్ళినా దండాలే అనుకోవడం వాడికి అలవాటైపోయింది. వాడు బదిలీ మీద ఈ ఊరు వచ్చిన నెలలోనే అత్తగారి వంటగది కుళాయి కారడం మానేసింది. తరువాత స్నానాలగది గడియ, ఆ తరువాత కిర్రుమనే కిటికీ. ప్రతిదీ ఆవిడ నాకు చూపించేది. "చూడండి అల్లుడుగారూ, ఎంత మెత్తగా మూసుకుంటోందో!" నేను మూసి, తెరిచి, "బాగుందండీ" అనాలి. ఆ ఇంట్లో ప్రతి కిటికీకీ వేలాడే తెర నేనిచ్చిన గుడ్డే. దాన్ని ఎవరైనా ఎవరికైనా చూపించారా? తెర ఇచ్చినవాడు తెరచాటునే ఉండిపోతాడు. కిటికీకి రెండు చుక్కలు నూనె వేసినవాడు మాత్రం కళాకారుడు.

ఇంకో తేడా కూడా ఉంది. నేను వెళితే ఆవిడ "మీరు కూర్చోండి" అని కుర్చీ లాగి వేస్తుంది. వాడొస్తే "ఒరేయ్ అబ్బాయ్, ఆ చెత్తబుట్ట కింద పెట్టిరా" అంటుంది. బయటివాళ్ళు చూస్తే నాదే పైచెయ్యి అనుకుంటారు. కానీ చెత్తబుట్ట ఎవరిచేత మోయిస్తారు? ఇంట్లోవాడిచేత. కుర్చీ ఎవరికి వేస్తారు? వచ్చిపోయేవాడికి. ఇప్పుడా తాళంచెవి కూడా వాడి జేబులో పడితే ఇక నాకు మిగిలేది కుర్చీయే.

అందుకని ఆదివారం రాకముందే ఆ బెల్టు నేనే వేసేయాలనుకున్నాను. మిషను తిరుగుతూ ఉంటే వాడు రావడమెందుకు? వాడు రాకపోతే తాళంచెవి చేతులు మారడమెందుకు?

మా అత్తగారు పెద్ద నర్సుగా చేసి రిటైరైంది. ఇప్పటికీ మధ్యాహ్నాలు పక్కవీధి క్లినిక్కులో కట్లు కట్టడానికి వెళుతుంది. చీకటిపడే వేళకు ఆవిడతో పనిచేసిన పాత కాంపౌండరు గొడుగు పట్టుకుని మెట్లదాకా దిగబెడతాడు, గొడుగు మూసుకుని వెళ్ళిపోతాడు. సన్నగా, పొడుగ్గా, ఆయనే ఒక గొడుగులా ఉంటాడు. గొడుగును ఎవరు లెక్కలోకి తీసుకుంటారు? నేనూ తీసుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం కొట్టు మూసి వెళ్ళాను. ఇన్నాళ్ళకు తాళంచెవి వాడితే తాళం నన్ను ఎరగనట్టు మొరాయించింది. డ్రయ్యరు స్నానాలగది పక్క నడవలో ఉంది. మీట నొక్కితే లోపల మోటారు గుర్రుమంది గానీ బట్టలు తిప్పే డ్రమ్ము కదల్లేదు. చేత్తో తోస్తే మాత్రం బొంగరంలా తిరిగింది, దాన్ని పట్టి ఉంచేది ఏదీ లేనట్టు. ప్లగ్గు పీకి, మరలు విప్పి, ముందు పలక ఊడదీశాను. అడుగున దుమ్మూ నూగూ పేరుకున్న చోట బెల్టు పాము కుబుసంలా పడి ఉంది. పలక మళ్ళీ బిగించి, దాన్ని సంచిలో పెట్టుకుని కొట్టుకొచ్చాను.

నా కొట్టు బల్ల అంచున ఇత్తడి కొలబద్ద దిగ్గొట్టి ఉంటుంది. బెల్టు ఒక కొస ఎడమ బొటనవేలితో అదిమి, రెండో కొస కుడిచేత్తో లాగి పట్టి కొలిచాను. ఎలాస్టిక్ కొలిచే పద్ధతి అదే. లాగకుండా కొలిచే కొట్టు ఉంటే అది ఎక్కువకాలం ఉండదు. నా చేతికి వేరే కొలత రాదు కూడా.

విడిభాగాల కొట్టతను నన్ను చూడకుండానే అడిగాడు.

"మోడల్ నెంబరు?"

"కొలత ఉంది."

"కొలత కాదు సార్, నెంబరు కావాలి. తలుపు లోపలి అంచున స్టిక్కరుంటుంది."

"బాబూ, నేనూ కొట్టు నడిపేవాణ్ణే. నెంబరు అడిగేది పై రకం అంటగట్టడానికని నాకు తెలీదా? ఈ పొడవుది ఇయ్యి."

"మీ ఇష్టం. వాడిన బెల్టు వెనక్కి తీసుకోం."

"నేనూ కోసిన ఎలాస్టిక్ వెనక్కి తీసుకోను" అన్నాను. ఇద్దరం సమఉజ్జీలుగా విడిపోయాం.

శనివారం మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాను. ఈసారి డ్రయ్యరు మీది అరలో ఒక పొట్లం కనిపించింది. దాని మీద మా తోడల్లుడి రాత: "అత్తయ్యా, ముట్టుకోవద్దు. ఆదివారం నేనే వేస్తా." లోపల కొత్త బెల్టు, చక్కగా చుట్టలు చుట్టి ఉంది. నేను ముట్టుకోలేదు. వాడు తెచ్చిన బెల్టు నేను వేస్తే చెమట నాది, పేరు వాడిది. అలాంటి బేరం నేనెన్నడూ చెయ్యలేదు.

పక్కనే బుట్టలో ఉతికిన తడిబట్టలున్నాయి. పైన రెండు మగవాళ్ళ చొక్కాలు, తెల్లవి. అంటే వాడి చొక్కాలు కూడా ఈవిడే ఉతుకుతోందన్నమాట! ఒకటి ఎత్తి చూశాను. కాలరు దగ్గర గుండీ ఒకటి కొత్తగా కుట్టి ఉంది. గాయానికి కుట్టు వేసినట్టు దగ్గరదగ్గరగా, గట్టిగా, నర్సు కుట్టు. గుండీ నా కొట్టు సరుకు కాదు. ఇన్నేళ్ళలో ఆవిడ నా చొక్కాకి ఒక్క గుండీ కుట్టిందా? గుండీలమ్మేవాడికి గుండీ ఎవరు కుడతారు అనుకుని ఉంటుంది. చొక్కాను బుట్టలో పడేసి, మరలమీద కసి తీర్చుకున్నాను.

పాతది తీయడం సులువే, కొత్తది వేయడంలో ఉంది తంటా. బెల్టు మీది గాడులు లోపలివైపు ఉండేట్టు డ్రమ్ము చుట్టూ తొడగాలి. డ్రమ్మును ఎత్తి పట్టుకోవాలి. అదే సమయంలో కింద చెయ్యి దూర్చి, స్ప్రింగు మీదున్న చిన్న చక్రాన్ని పక్కకి నొక్కి, దాని చుట్టూ బెల్టును మెలితిప్పి మోటారు కప్పీకి తగిలించాలి. రెండు చేతులవాడు చేసే పని కాదది. మోకాలితో డ్రమ్మును ఎత్తిపట్టి, చెంప దానికి ఆనించి, గుడ్డివాడిలా తడుముతూ మొత్తానికి తగిలించి, పలక మూశాను. ఖాళీగా తిప్పితే తిరిగింది! ఆ క్షణాన మా అత్తగారు "చూడండి, ఎంత మెత్తగా తిరుగుతోందో" అని చిన్నల్లుడికి చూపిస్తున్నట్టు, వాడు "బాగుందండీ" అంటున్నట్టు కళ్ళకు కట్టింది.

ఆ చొక్కాలు తప్ప మిగతా తడిబట్టలు వేశాను. డ్రమ్ము ఒకసారి కదిలి, దడ్ మని ఆగింది. లోపల మోటారు తిరుగుతూనే ఉంది. కాలిన రబ్బరు వాసన వచ్చింది. ప్లగ్గు పీకేసి, బట్టలు తీసి, పలక మళ్ళీ విప్పాను.

సరిగ్గా అప్పుడే తలుపు గంట మోగింది.

ఇంకోసారి మోగింది. తరువాత గొంతు వినిపించింది, మా తోడల్లుడిది.

"అన్నయ్యా, తలుపు తియ్యండి. మీ స్కూటరు కింద తడుస్తోంది."

చేతిలోని స్క్రూడ్రైవరును బుట్ట వెనక దాచాను.

"మీ కొట్టు పేరున్న సంచి కూడా దానికే వేలాడుతోంది. అదీ తడుస్తోంది."

తీశాను. వాడు పనిముట్ల పెట్టెతో, తడిసిన జుట్టుతో నిలబడి ఉన్నాడు.

"ఆదివారం కదా నువ్వు రావాల్సింది?" అన్నాను.

"మీరు మాత్రం?"

"ఊరికే, చూసిపోదామని."

వాడు నా చెంపకంటిన గ్రీజు వంక చూశాడు. "చెంపతో చూశారా?" అని నన్ను తప్పుకుని నడవలోకి వెళ్ళాడు. విప్పిన పలకనూ అరలోని పొట్లాన్నీ చూసి, ముక్కు ఎగబీల్చాడు. "కాల్చేశారు. నా బెల్టు అలాగే ఉంది. మరి ఇదెక్కడిది?"

"నేను తెచ్చింది. మంచి రకం."

వాడు కింద చెయ్యి పెట్టి, వేలితో బెల్టును మీటాడు. "రకం సంగతి తరువాత, అన్నయ్యా. ఇది పొడవు. పిల్లల ఊయలకి కట్టొచ్చు. ఎలా కొలిచారు?"

"కొలబద్ద మీద."

"లాగి కొలిచారా?"

నేను వంగి మరలు ఏరసాగాను. వాడు నేలమీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. "మీ మరదలు ఎప్పుడూ అంటుంది, మా బావ దగ్గర కొన్న ఎలాస్టిక్ ఎవరి నడుముకీ చాలదని. చూడండి, మీరు అమ్మింది నడుముకి చాలదు, మీరు కొన్నది డ్రమ్ముకి ఎక్కువ!"

"నవ్వింది చాలుగానీ లే. అయినా ఒకరోజు ముందే ఎందుకు దిగావు?"

వాడి నవ్వు తగ్గింది. "మీరొస్తారని వదిన చెప్పింది. నేను వంగి పనిచేస్తుంటే మీరు కుర్చీలో కూర్చుని చూస్తారు. అత్తయ్య మీకు కాఫీ ఇస్తుంది, నాకు గుడ్డపీలిక ఇస్తుంది. ఎందుకొచ్చిందని ఇవాళే వచ్చా. ఆవిడ లేదని తెలీదు."

"ఆ కుర్చీ నీకు కావాలా?"

"కుర్చీ కాదు, తాళంచెవి కావాలి. ఈ ఇంట్లో నేను బిగించని మర లేదు. అయినా వచ్చిన ప్రతిసారీ గంట కొట్టి మెట్లమీద నిలబడతాను. ఎదురింటావిడ 'ఎవరింటికి బాబూ?' అని ఇప్పటికీ అడుగుతుంది. మీరు ఏడాదికి నాలుగుసార్లు వస్తారు, మీ గుత్తిలో మాత్రం గలగలా మోగుతుంటుంది."

"రేపు నీకే ఇస్తుందిగా!"

"నాకా? నాకెవరూ చెప్పలేదే" అన్నాడు. కానీ వాడి కళ్ళు వెలిగాయి. ఆ వెలుగు చూసి నాకు ఒళ్ళు మండింది.

సరే, మండినా పని మధ్యలో ఉంది. డ్రమ్ము ఎవరు ఎత్తిపట్టాలి, కింద చెయ్యి ఎవరు పెట్టాలి అన్న దగ్గర మళ్ళీ తగువు. ఎత్తిపట్టేవాడు కూలీ, తగిలించేవాడు మేస్త్రి. "మీరు పెద్దవారు, మీరు పట్టుకోండి" అంటాడు వాడు. "నీ భుజాలు గట్టివి, నువ్వే పట్టుకో" అంటాను నేను. చివరికి నేనే పట్టుకున్నాను. ఎందుకంటే వాడి కళ్ళముందు మళ్ళీ గుడ్డివాడిలా తడమడం నాకిష్టం లేదు. వాడి బెల్టు ఒక్క మెలికతో కూర్చుంది. తీగలా మోగింది. పలక బిగించాం.

బుట్టలోని చొక్కాలు తీసి వాడి ముందు పెట్టాను. "ఇవిగో, నీ చొక్కాలు నువ్వే ఆరబెట్టుకో."

"నావా?" అన్నాడు వాడు. "మీవనుకున్నానే! బుట్టలో చూసి, అత్తయ్య మీ చొక్కాలు కూడా ఉతికిపెడుతోందా అని లోపల కుళ్ళిపోతున్నా."

"నాకు ఈ చేతులు జానెడు పొడవు. నీవి కావూ?"

"యూనిఫారం అన్నయ్యా, నావన్నీ పొట్టి చేతులే."

ఇద్దరం చొక్కా ఒకటి చెరోవైపు పట్టుకుని చూశాం. భుజాలు సన్నం, చేతులు పొడుగు. నేను జీవితమంతా కొలతలతో బతికినవాణ్ణి. ఆ కొలతల మనిషిని ఎక్కడో చూశాను. గుర్తొచ్చేలోపే తలుపు తెరుచుకుంది. మా అత్తగారు లోపలికొచ్చింది. వెనకాల కాంపౌండరు. ఈరోజు ఆయన మెట్ల దగ్గర ఆగలేదు. గొడుగు ముడిచి, గుమ్మం పక్కన దానికో చోటున్నట్టు అక్కడ ఆనించి, లోపలికొచ్చాడు.

ఆవిడ మమ్మల్నీ, మా మధ్య వేలాడుతున్న చొక్కానూ చూసింది.

"ఆదివారం రమ్మంటే శనివారమే దిగారా ఇద్దరూ? ఆ చొక్కా చింపేస్తారా ఏమిటి? అందులో వెయ్యండి, ఆయన రేపు వేసుకోవాలి."

వేశాం. ఎవరు మీట నొక్కారో గుర్తులేదు. డ్రమ్ము మెత్తగా తిరిగింది.

"రేపు అందరినీ కూర్చోబెట్టి చెబుదామనుకున్నాను" అంది. "ఇప్పుడే వినండి. వచ్చే నెల మేమిద్దరం రిజిస్ట్రారు దగ్గర సంతకాలు పెడుతున్నాం. ఆయన ఇక్కడికే వచ్చేస్తారు. అల్లుడుగారూ, ఆ తాళంచెవి ఇటివ్వండి. ఆయనకి కావాలి."

"మా ఆవిడకి తెలుసా?" అన్నాడు తోడల్లుడు, లిఫ్టులో ఇరుక్కున్నవాడి గొంతుతో.

"అమ్మాయిలిద్దరికీ ఎప్పుడో చెప్పాను. మీకే చెప్పొద్దన్నాను. ఒకడు లెక్కలేస్తాడు, ఒకడు మరలు విప్పుతాడు. ఇప్పుడు చూడు, చెప్పకపోయినా రెండూ చేశారు." నేలమీద పడున్న పొడవు బెల్టును చూసి, నా వైపు తిరిగింది. "ఆ కాలిన వాసన ఎవరి పని? నెంబరు తలుపు మీదే ఉంది కదయ్యా, చూసుకోవద్దూ? నీకంత తొందరేమొచ్చింది?"

నేను గుత్తి తీశాను. ఆ రింగు ఎంత బిగుతో అప్పటిదాకా తెలీదు. గోరు విరిగింది గానీ తాళంచెవి ఊడలేదు. చివరికి తోడల్లుడే స్క్రూడ్రైవరు కొసతో రింగును విడదీసి పట్టుకున్నాడు. ఆ పనిలో మాత్రం మాకు తగువు రాలేదు. కాంపౌండరు రెండు చేతులా అందుకుని, "శ్రమ కలిగించాను బాబూ" అన్నాడు. ఆ మర్యాద చూస్తే ఇంకా మండింది.

ఆయనకు మా అత్తగారు కుర్చీ లాగి వేయలేదు. ఆయనే లాక్కుని కూర్చున్నాడు. నేను కూర్చునే కుర్చీ అది.

మెట్లు దిగుతూ తోడల్లుడు అడిగాడు. "అన్నయ్యా, ఆయనకి స్క్రూడ్రైవరు పట్టుకోవడం వచ్చంటారా?"

"మందు సీసాల మూతలు విప్పినవాడు. అటు తిప్పాలో ఇటు తిప్పాలో తెలిసే ఉంటుంది."

"కుళాయి కారితే నన్నే పిలుస్తారు కదా?"

"నీ సంగతి నయం. నన్ను పిలవడానికి తెరలు తప్ప ఏమున్నాయి?"

వాడు నా స్కూటరు సీటు తన రుమాలుతో తుడిచాడు. ఇన్నేళ్ళలో వాడు నాకు చేసిన మొదటి పని అది. తాళంచెవి నా దగ్గర్నుంచి పోయింది, వాడికీ రాలేదు. ఆ లెక్కన చూస్తే పూర్తి నష్టమేమీ కాదనిపించింది, ఇంటికెళ్ళేదాకా. ఇంటికెళ్ళాక నా భార్య దిండు గలీబు మడతపెడుతూ నవ్వింది.

వాళ్ళ సంతకాలయ్యాక ఒక పొద్దున కాంపౌండరు నా కొట్టుకొచ్చాడు. తెల్ల చొక్కా, కాలరు దగ్గర అదే గుండీ. చిల్లర తీయడానికి జేబులోంచి తాళంచెవి పైకి లాగి బల్లమీద పెట్టాడు. దానికో కొత్త ఎర్ర దారం కట్టి ఉంది.

"పైజమాకి ఎలాస్టిక్ కావాలి, అల్లుడుగారూ. మనవాడి కొట్టుండగా బయట కొనడమెందుకని మీ అత్తయ్య ఇక్కడికే పంపింది."

"నడుము కొలతెంత, మామయ్యగారూ?"

చెప్పాడు. చెప్పి, కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. నేను ఎలాస్టిక్ ఒక కొస కొలబద్ద మీద ఎడమ బొటనవేలితో అదిమాను. రెండో కొస కుడిచేత్తో లాగాను. రోజూ లాగేదానికంటే కొంచెం ఎక్కువే లాగాను.

బిగుతైతే మళ్ళీ వస్తాడు. రానివ్వండి. వచ్చిన ప్రతిసారీ చిల్లర కోసం ఆ తాళంచెవి కాసేపు నా బల్లమీద పెట్టాల్సిందే కదా.